దూరవైద్య శిక్షణలో క్రీడాంశాలు: అవధాన నియమం, రోగి తెలుగు

వ్యాససంగ్రహం

వైద్య, నర్సింగ్ విద్యార్థులకు టెలిమెడిసిన్‌లో ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చేటప్పుడు పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టికలు, కథాసన్నివేశాలు వంటి క్రీడాంశాలను చేర్చే పద్ధతి విస్తరిస్తున్నది. ఆటలో నేర్పు పెంచేది బహుమతి కాదు, నియమం అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఫోనులోనో తెరమీదనో రోగిని చూసే వైద్యుడికి స్పర్శ నిషిద్ధం, మిగిలేది మాట. ఆ మాట తెలుగునాట ఎక్కువగా మాండలికంలో ఉంటుంది. అందువల్ల తెలుగువారికి ఉపయోగపడే శిక్షణక్రీడకు వైకుంఠపాళి కన్నా అష్టావధానం దగ్గరి నమూనా అని చూపుతూ, కోకాపేట నేపథ్యంగా 3 సన్నివేశాలను నమూనాగా రూపొందించి వివరించడం జరిగింది.

కీలకపదాలు: టెలిమెడిసిన్, క్రీడీకరణ, అవధానం, నిషిద్ధాక్షరి, రోగి భాష, మాండలికం, కోకాపేట.

1. ఉపోద్ఘాతం

2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్‌లోని హైటెక్ సిటీకి వచ్చారు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని ఆ పర్యటనలోనే ఆయన ప్రారంభించారు. పల్లెలోని రోగి ఒకచోట, నగరంలోని నిపుణుడు మరొకచోట, నడుమ ఉపగ్రహ సంబంధం. ఆనాడు అది ప్రదర్శనకు పెట్టదగిన వింత. ఈనాడు అదే పని చేతిలోని ఫోను చేస్తున్నది.

హైటెక్ సిటీకి పడమట, గండిపేట చెరువు దాపున ఉన్న కోకాపేటను ఈ వ్యాసంలో నేపథ్యంగా ఎంచుకోవడానికి కారణం ఉన్నది. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ఎకరం వేలంలో 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. ఆ నేల మీద లేస్తున్న భవనాల్లో నివసించేవారి భాష ఒకటి, ఆ భవనాలను కట్టేవారి భాష ఇంకొకటి, ఆ ఇళ్ళలో పనిచేసేవారి భాష వేరొకటి. ముగ్గురి చేతిలోనూ ఫోను ఉన్నది. ముగ్గురూ ఒకే వైద్యుడికి ఫోను చేయగలరు. ఆ వైద్యుడు ముగ్గురినీ ఒకేలా అర్థం చేసుకోగలడా అన్నదే ప్రశ్న. ఇది సాంకేతికతకు సంబంధించిన ప్రశ్న కాదు, భాషకు సంబంధించినది. వైద్యశాస్త్రంతో వృత్తిసంబంధం లేని తెలుగు అధ్యాపకులు ఈ విషయాన్ని చర్చించడానికి అధికారం అక్కడి నుంచే వస్తున్నది.

2. తెలుగునాట దూరవైద్యం

అరగొండ తర్వాతి చరిత్ర తెలిసినదే కనుక సంక్షిప్తంగా చెప్పుకోవచ్చు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అత్యవసర సేవ మొదలయింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 ఆరోగ్య సమాచార సేవ వచ్చింది. 108 అంబులెన్సును పంపుతుంది. 104 మాటను మాత్రమే పంపుతుంది. ఈ తేడా మన చర్చకు ముఖ్యం. 104లో ఫోను ఎత్తే సిబ్బంది కంప్యూటరు తెర మీద కనిపించే ప్రశ్నల వరుసను అనుసరించి రోగి చెప్పినదాన్ని వింగడించి, అవసరమైతే వైద్యుడికి అందించేవారు. తెలుగులో పెద్దఎత్తున జరిగిన తొలి దూరవైద్య సంభాషణలు ఇవే అనుకోవచ్చు. 2019 నవంబరులో ఈ-సంజీవని సేవ ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో దేశంలో మొదటగా ఆంధ్రప్రదేశ్‌లో అమలయింది. కరోనా లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్ 13న, రోగి ఇంటి నుంచే వైద్యుడిని సంప్రదించగల ఈ-సంజీవని ఓపీడీ తోడయింది.

అంతకు కొద్దిరోజుల ముందు, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ ఆచరణ మార్గదర్శకాలు వెలువడ్డాయి. దూరవైద్యం చేయదలచిన వైద్యులందరూ 3 సంవత్సరాల లోపల ఒక ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేయాలని అవి నిర్దేశించాయి. వీడియో, ఆడియో, లిఖిత సందేశం అనే 3 మార్గాలను గుర్తించి, ఏ మార్గంలో ఏ మందు రాయవచ్చో జాబితాలుగా విభజించాయి. ‘ఓ’ జాబితాలోని మందులను ఏ మార్గంలోనైనా సూచించవచ్చు. ‘ఏ’ జాబితాలోని మందులకు తొలి సంప్రదింపు వీడియోలో జరగాలి. ‘బీ’ జాబితా పాత రోగికి, అదే వ్యాధికి, కొనసాగింపుగా మాత్రమే. మత్తుమందుల వంటివి పూర్తిగా నిషిద్ధం. ఈ వ్యాసానికి పనికివచ్చే విషయం ఏమిటంటే, ఈ మార్గదర్శకాలు చదవడానికి అచ్చం ఒక ఆట నియమావళిలా ఉంటాయి. ఈ గడిలో ఉంటే ఈ ఎత్తు వేయవచ్చు, ఆ గడిలో ఉంటే వేయకూడదు.

ప్రసంగవశాన ఒక మాట. ఈ మార్గదర్శకాల్లో ‘ఆర్‌ఎంపీ’ అంటే ప్రభుత్వ వైద్యమండలిలో నమోదైన వైద్యుడు. తెలుగు పల్లెల్లో ‘ఆరెంపీ డాక్టరు’ అంటే డిగ్రీ లేకుండా సూదిమందు వేసే స్థానికుడు. నమోదైన వైద్యుడు ఫోనులో “నేను ఆర్‌ఎంపీని” అని పరిచయం చేసుకుంటే రోగి ఏమనుకుంటాడో ఊహించవచ్చు. మార్గదర్శకాలను ఉన్నవి ఉన్నట్టు అనువదిస్తే సరిపోదనడానికి ఈ ఒక్క సంక్షేపపదం చాలు.

3. క్రీడీకరణ: బహుమతి, నియమం

ఆట కాని సందర్భంలో ఆటల నిర్మాణాంశాలను వాడడమే గేమిఫికేషన్ అని సెబాస్టియన్ డిటర్డింగ్, ఆయన సహపరిశోధకులు 2011లో నిర్వచించారు. దీనిని ఈ వ్యాసంలో ‘క్రీడీకరణ’ అని వ్యవహరిస్తున్నాను. పూర్తి ఆటను తయారుచేయడం వేరు, పాఠానికి ఆట అంశాలను జోడించడం వేరు అన్న విచక్షణ ఆ నిర్వచనంలోనే ఉన్నది. అయితే ‘ఆట అంశాలు’ అన్నప్పుడు ఏ అంశాలు? ఆన్‌లైన్ కోర్సుల్లో ఎక్కువగా కనిపించేవి పాయింట్లు, బ్యాడ్జీలు, ర్యాంకుల పట్టిక. ఇవి చేర్చడం సులువు. సాఫ్ట్‌వేర్ వాటంతట అవే లెక్కకట్టి చూపుతుంది. సులువు కనుకనే వాటికి అంత వ్యాప్తి వచ్చిందని నా అభిప్రాయం.

బహుమతికి ఉన్న ప్రమాదాన్ని మనోవిజ్ఞానం ఏనాడో చూపింది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధం. రంగుపెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొంతకాలం తర్వాత చూస్తే, బహుమతి ఆశించి వేసిన పిల్లలు తీరిక సమయంలో ఆ పెన్నులను ముట్టుకోవడం తగ్గింది. ఇష్టంతో చేసే పనికి కూలి నిర్ణయిస్తే ఇష్టం కూలిలోకి జారిపోతుంది. రోగి మాట వినాలన్న సహజ కుతూహలంతో వచ్చిన నర్సింగ్ విద్యార్థినికి ఒక్కొక్క ప్రశ్నకు 10 పాయింట్లు ఇస్తూ పోతే, ఆమె ప్రశ్నలు పెరుగుతాయి. వినడం పెరుగుతుందని చెప్పలేము.

ఇంకొక దారి కూడా ఉన్నది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపిక మోహన్ బృందం ‘నైట్ షిఫ్ట్’ అనే వీడియో ఆటను రూపొందించి, 368 మంది అత్యవసర వైద్యుల మీద పరీక్షించి, 2017లో ఫలితాలను ప్రకటించింది. తీవ్రగాయాలతో వచ్చిన రోగిని పెద్ద కేంద్రానికి పంపాలా, ఉన్నచోటే ఉంచాలా అన్న నిర్ణయంలో జరిగే పొరపాట్లను తగ్గించడం దాని లక్ష్యం. చిన్న పట్టణంలోని ఆసుపత్రిలో పనిచేసే యువవైద్యుడిగా ఆటగాడు రోగులను చూస్తాడు; తాను తీసుకున్న నిర్ణయం ఫలితం కథలో తర్వాత తనకే ఎదురవుతుంది. సాధారణ విద్యాయాప్‌లు వాడినవారి కన్నా ఈ ఆట ఆడినవారు అనుకరణ పరీక్షలో పంపవలసిన రోగులను పంపకుండా ఉంచేసిన సందర్భాలు తక్కువ. ఆ ఆట బలం పతకంలో లేదు. నిర్ణయానికీ పర్యవసానానికీ మధ్య కథ కట్టిన ముడిలో ఉన్నది. అయితే ఇది అనుకరణ పరీక్షలో కనిపించిన ఫలితమే కాని, ఆసుపత్రి మంచం దగ్గర కొలిచినది కాదన్న సంగతి మరువరాదు.

4. వైకుంఠపాళి, అష్టావధానం

మన ఆటల్లోనూ ఈ రెండు తరగతులూ ఉన్నాయి. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కడమూ పాము నోట పడడమూ గవ్వల మీద ఆధారపడినవి. గడులకు పాపపుణ్యాల పేర్లు ఉన్నా, ఆడేవారి నేర్పుకు అక్కడ తావు లేదు. చూపు ఎప్పుడూ ఎవరు పైన ఉన్నారన్న దాని మీదనే. ర్యాంకుల పట్టికతో నడిచే ఆన్‌లైన్ కోర్సుకు ఇది సరైన పోలిక. అందులోని విద్యార్థికి కూడా పాఠం కన్నా పట్టిక ముందు కనిపిస్తుంది.

అవధానం నిర్మాణం పూర్తిగా వేరు. అక్కడ ఆటంకమే ఆట. నిషిద్ధాక్షరిలో అవధాని వేయబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు పసిగట్టి నిషేధిస్తాడు; అవధాని ఆ దారి వదిలి మరొక మాటను వెతుక్కోవాలి. దత్తపదిలో సంబంధం లేని పదాలను ఇచ్చి ఒక అర్థంలో ఇమడ్చమంటారు. అప్రస్తుతప్రసంగి పద్యం నడుమ చొరబడి ఏకాగ్రతను చెదరగొడతాడు. గంట మోగుతూ ఉంటుంది, లెక్క తప్పకూడదు. చివరికి ధారణలో పద్యాలన్నీ అప్పజెప్పాలి. ఇక్కడ పాయింట్లు లేవు, నియమమే నేర్పును బయటికి లాగుతుంది.

దూరవైద్య సంప్రదింపును ఈ దృష్టితో చూస్తే పోలికలు వెతకనక్కరలేకుండా కనిపిస్తాయి. ఎదుట ఉన్న రోగి పొట్ట మీద చేయి వేసి చూడడం వైద్యుడికి మొదటి అక్షరం. ఫోనులో ఆ అక్షరం నిషిద్ధం. అతడు వేరే దారిలో అదే అర్థానికి చేరాలి: “అమ్మా, మీ చేత్తోనే నొక్కి చూడండి. నొక్కినప్పుడు ఎక్కువా, తీసినప్పుడు ఎక్కువా?” పిల్లవాడి ఏడుపు, టీవీ మోత, పక్కింటావిడ సలహా, తెగిపోయే సిగ్నలు అప్రస్తుతప్రసంగాలు. వీడియోలో పసిబిడ్డ ఊపిరిని నిమిషంపాటు లెక్కిస్తూనే తల్లికి ధైర్యం చెప్పడం ఘంటాగణనం వంటి పని. చివర రోగి చేతనే సూచనలను తిరిగి చెప్పించుకోవడం వైద్యబోధనలో నేడు గట్టిగా సిఫారసు చేస్తున్న పద్ధతి. దానిని ధారణతో పోల్చవచ్చు, కాకపోతే ఇక్కడ ధారణ చేయవలసినది రోగి.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. అవధానం సభకోసం. చప్పట్లు దానిలో భాగం. వైద్యసంభాషణ ఇద్దరి మధ్య రహస్యం. అవధాని ప్రతిభ కనబడాలి. వైద్యుడి ప్రతిభ కనబడకపోయినా రోగి అవసరం తీరితే చాలు. కనుక అవధానం నుంచి తీసుకోవలసినది నియమాల కూర్పును మాత్రమే, ప్రదర్శనను కాదు.

5. రోగి తెలుగు

ఏ సాఫ్ట్‌వేర్ సంస్థ చేసిన ఆటలోనైనా రోగి చక్కని వాక్యాల్లో మాట్లాడతాడు. “నాకు 3 రోజులుగా జ్వరం, దగ్గు ఉన్నాయి” అంటాడు. నిజమైన రోగి అలా మాట్లాడడు. వరంగల్ వైపు మనిషి “పానం బాగలేదు” అని మొదలుపెడతాడు. అది జ్వరం కావచ్చు, నీరసం కావచ్చు, దిగులు కావచ్చు. ఊపిరి అందకపోవడాన్ని తెలంగాణలో “దమ్ము వస్తున్నది” అంటే, కోస్తాలో “ఎగపోస్తోంది” అంటారు, “ఆయాసంగా ఉంది” అనేవారు అంతటా ఉన్నారు. ఈ మూడింటినీ ఒకే లక్షణంగా గుర్తించని విద్యార్థి అత్యవసర రోగిని మామూలు వరుసలో పెట్టేస్తాడు. “నెత్తి తిరుగుతున్నది”, “కళ్ళు తిరుగుతున్నాయి” అన్నవి ఒక్కటేనా? ఒకరికి అది గదంతా గిర్రున తిరగడం, మరొకరికి స్పృహ తప్పబోతున్న భావన. రెండింటి కారణాలూ వేరు. ఇంకొక ప్రశ్న అడిగితే తప్ప తేలదు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చే మాట ‘వేడి చేసింది’. నోటిపూత, మూత్రంలో మంట, కళ్ళమంట, సెగగడ్డ, విరేచనాలు అన్నీ అందులో ఇముడుతాయి. ‘వాతం’, ‘పైత్యం’ కూడా ఇటువంటివే. ఇవి అజ్ఞానపు మాటలు కావు. ఆయుర్వేద పరిభాష శతాబ్దాలుగా జనవ్యవహారంలో కలిసి ఏర్పడిన వర్గీకరణ అది. ఆధునిక వైద్యం గీసిన సరిహద్దులతో దాని సరిహద్దులు కలవవు, అంతే. మరోవైపు కొత్త మాటలున్నాయి: షుగరు, బీపీ, గ్యాసు. ఛాతీనొప్పిని ‘గ్యాసు’ అని తానే నిర్ధారించుకుని గంటలు పోగొట్టుకునేవారి సంగతి హృద్రోగ వైద్యులు తరచుగా చెప్పేదే. రోగి ‘గ్యాసు’ అన్నప్పుడు అది లక్షణం కాదు, రోగి చేసుకున్న నిర్ధారణ. ఈ తేడాను పసిగట్టడం భాషాపరమైన నేర్పు.

2019 నుంచి అమలవుతున్న సామర్థ్యాధారిత వైద్యవిద్యా ప్రణాళికలో స్థానికభాషకు చోటు ఉన్నది; వైఖరి, నైతికత, సంభాషణలకు ప్రత్యేక పాఠ్యభాగం కూడా ఉన్నది. అఖిలభారత కోటాలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే విద్యార్థులకు ప్రారంభదశలో నేర్పే తెలుగు “మీ పేరేమిటి, ఎక్కడ నొప్పి” దగ్గర ఆగిపోతే, ఫోనులో అది చాలదు. ఎదుట ఉంటే రోగి చేతితో చూపిస్తాడు. ఫోనులో చేయి కనబడదు.

6. కోకాపేట నేపథ్యంగా 3 సన్నివేశాలు

పై చర్చను ఆచరణలో పెట్టడానికి ఒక శిక్షణక్రీడకు నమూనాను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. పాత్రలు కల్పితం. ఆడేది వైద్య లేదా నర్సింగ్ విద్యార్థి. రోగి పాత్రను రికార్డు చేసిన గొంతు కాక, శిక్షణ పొందిన మనిషి పోషించడం మేలు. 1963లో లాస్ ఏంజెలిస్‌లో హోవర్డ్ బారోస్ ఆరోగ్యవంతులకు రోగిగా నటించడం నేర్పి వైద్యవిద్యార్థులకు పరీక్ష పెట్టినప్పటి నుంచి ఈ పద్ధతి వాడుకలో ఉన్నది. ఆన్‌లైన్ శిక్షణలో ఆ నటుడు తన ఊళ్ళోనే ఉండి ఫోనులో మాట్లాడవచ్చు. మాండలికానికి అది అనుకూలం కూడా.

మొదటి సన్నివేశంలో మార్గం ఆడియో మాత్రమే. పాలమూరు నుంచి వచ్చి కోకాపేటలో భవన నిర్మాణంలో పనిచేసే 45 ఏళ్ళ మేస్త్రి రేకుల షెడ్డు నుంచి ఫోను చేస్తాడు. “పొద్దుగాల్నుంచి ఛాతిల గ్యాసు పట్టినట్టున్నది సారూ. చెమటలు పడుతున్నయ్. ఏదన్న గోలి చెప్పుండ్రి, పనికి పోవాలె.” ఇక్కడ సులువైన ఎత్తు గ్యాసు మాత్ర పేరు చెప్పడం, సాధారణ ఆటలో దానికి పాయింట్లు పోతాయి, అంతే. ఈ ఆటలో కాల్ ముగుస్తుంది. మూడో రోజున అదే షెడ్డు నుంచి అదే నంబరుతో అతని తోటిమేస్త్రి ఫోను చేసి, “మొన్న మీతోటే మాట్లాడిండు కదా సారూ” అని మొదలుపెడతాడు. చెమటలన్న మాట పట్టుకుని గుండెపోటును అనుమానించిన విద్యార్థికి రెండో చిక్కు ఎదురవుతుంది. 108ని పంపాలంటే చిరునామా కావాలి. మేస్త్రికి తెలిసిన చిరునామా “రింగురోడ్డు పక్కన, పెద్ద క్రేను కింద”. అటువంటి క్రేనులు అక్కడ ఎన్నో. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఫోను ఇప్పించడం, కంపెనీ బోర్డు చదివించడం, పక్కన ఒక మనిషిని ఉంచడం ఇక్కడి ఎత్తులు. ఈ సన్నివేశాన్ని రోగనిర్ధారణతో ఆపకుండా చిరునామా దాకా సాగించడం అవసరమని భావిస్తున్నాను. రోగం పేరు తెలిసి రోగి ఉన్నచోటు తెలియకపోతే దూరవైద్యం సగంలో ఆగినట్లే.

రెండో సన్నివేశం వీడియో. గోదావరి జిల్లా నుంచి వచ్చి 30వ అంతస్తులోని కొడుకు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటున్న వృద్ధురాలు. కొడుకు డాలస్ నుంచి అదే కాల్‌లో ఉన్నాడు. ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతడే ఇంగ్లీషులో జవాబిస్తాడు: అమ్మకు అలసట, నిద్ర చాలడం లేదు. ఆమె సందు దొరికినప్పుడు ఒక్క మాట అంటుంది: “పడుకుంటే ఎగపోస్తోంది బాబూ, కూర్చునే తెల్లవారుస్తున్నాను.” నిద్రలేమికి కారణం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. దానిని విద్యార్థి పట్టుకోవాలి. కొడుకును నొప్పించకుండా, “సార్, మామ్మగారితో 2 నిమిషాలు నేను నేరుగా మాట్లాడతాను” అనాలి. ఆ తర్వాత, “మామ్మగారూ, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని తీయండి, గుంట పడుతోందా?” అని అడగాలి. పరపురుషుడికి కాలు చూపడానికి ఆమె సంకోచిస్తే కెమెరాను పట్టుబట్టకుండా ఆమె చేతనే చూసి చెప్పించాలి. సంబోధన కూడా ఆటలో భాగమే. ఇదే వృద్ధురాలు తెలంగాణ పల్లె నుంచి వచ్చినదైతే ‘అవ్వా’, ‘పెద్దమ్మా’ అన్న పిలుపు పలికినట్లు ‘మామ్మగారూ’ పలకదు. ‘ఆంటీ’ అన్న పిలుపు ఇద్దరికీ దూరమే.

మూడో సన్నివేశం మళ్ళీ ఆడియో. ఇళ్ళలో పనిచేసే 24 ఏళ్ళ యువతి. భర్త పక్కనే ఉన్నాడు, ఫోను స్పీకరులో ఉన్నది. “కడుపుల నొస్తున్నది, నెత్తి తిరుగుతున్నది” తప్ప ఆమె మరేమీ చెప్పదు. నెలసరి గురించి అడగాలి. “లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?” అంటే ఆమె మౌనం. “బయట చేరిన్రా?” అంటే కొందరికి అర్థమవుతుంది, “నెల తప్పిందా?” అంటే ఎక్కువమందికి అర్థమవుతుంది. అయినా భర్త ముందు జవాబు రాకపోవచ్చు. అప్పుడు స్పీకరు తీయించి, “నేను అడుగుతా, మీరు అవునో కాదో చెప్పుండ్రి, చాలు” అనే పద్ధతి అవసరమవుతుంది. నెల తప్పిన స్త్రీకి పొత్తికడుపు నొప్పి, తల తిరగడం కలిసి వస్తే గర్భం గర్భాశయం బయట నిలిచి లోపల రక్తస్రావం జరుగుతున్నదేమో అనుమానించి వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆ అనుమానానికి చేరే దారి మొత్తం ఒక మర్యాదమాట మీద ఆధారపడి ఉన్నది.

7. మదింపులో చిక్కులు

ఆటలో దేనిని కొలుస్తామో విద్యార్థి దానినే నేర్చుకుంటాడు. ఆన్‌లైన్ ఆటల్లో మొదట వచ్చి చేరేది గడియారం. వేగానికి పాయింట్లు ఇవ్వడం ఇక్కడ హానికరం. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ జరిపిన అధ్యయనంలో వైద్యులు రోగి మాటను సగటున 18 సెకన్లకే అడ్డుకున్నారని తేలింది. సహజంగానే ఉన్న ఆ తొందరకు గడియారం తోడయితే ఫలితం చెప్పనక్కరలేదు. పై రెండో సన్నివేశంలో వృద్ధురాలి ఒక్క వాక్యం వినిపించాలంటే విద్యార్థి మౌనంగా ఉండగలగాలి. కనుక ఈ నమూనాలో గడియారాన్ని తిరగేయాలని ప్రతిపాదన: రోగి మొదటి మాటలు పూర్తయ్యే దాకా విద్యార్థి మాట్లాడకపోతే, నటుడు తన దగ్గరున్న అదనపు వివరం ఒకటి విప్పుతాడు. అడ్డుకుంటే ఆ వివరం ఆటలో ఇక రాదు. పాయింటు పోయిందని తెర చెప్పదు. ఆట ముగిశాక జరిగే చర్చలో మాత్రమే, చెప్పకుండా మిగిలిపోయినది ఏమిటో నటుడు చెబుతాడు.

కొలత సాధనాలను దిగుమతి చేసుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఒక్క ఊపిరిలో 1 నుంచి 30 వరకు లెక్కపెట్టించి ఆయాసాన్ని అంచనా వేసే ‘రోత్ స్కోరు’ కరోనా కాలంలో బాగా ప్రచారం పొందింది. ఫోనులో దానిని వాడవద్దని 2020లోనే ఆక్స్‌ఫర్డ్ నిపుణులు హెచ్చరించారు. వారి అభ్యంతరం దానికి తగిన నిర్ధారణ లేదన్నది. తెలుగు కోణం నుంచి ఇంకొకటి చేర్చవచ్చు. ఇంగ్లీషులో ‘ట్వెంటీ నైన్’ 3 అక్షరాల ఉచ్చారణ, తెలుగులో ‘ఇరవై తొమ్మిది’ 6 అక్షరాలు. ఊపిరి ఒకటే, భారం ఒకటి కాదు. వేరే భాష అంకెలతో నిర్ణయించిన కొలతను తెలుగు రోగికి వర్తింపజేస్తే ఆరోగ్యవంతుడు కూడా రోగిగా తేలవచ్చు. ఆయాసాన్ని తెలుసుకోవడానికి రోగి మాటతీరును గమనించడమే మేలు: వాక్యం పూర్తిచేయగలుగుతున్నాడా, మాటమాటకూ ఆగుతున్నాడా? తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఊపిరి చాలని మనిషి క్రియ దాకా రాకముందే ఆగిపోతే వినేవారికి వెంటనే తెలియాలి. ఆ వినికిడిని అలవాటు చేయడానికి రికార్డులు వాడాలనుకుంటే అవి నటుల గొంతులే కావాలి. నిజమైన రోగుల కాల్‌లను వారి స్పష్టమైన సమ్మతి లేకుండా శిక్షణకు వాడడం నైతికంగా తప్పు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం దృష్టిలోనూ చిక్కే.

ర్యాంకుల పట్టిక గురించి ఒక్క మాట చాలు: ఈ నమూనాలో దానికి చోటు లేదు. పోటీ కావాలనుకునేవారు జట్ల మధ్య పెట్టుకోవచ్చు. బయటి రాష్ట్రపు విద్యార్థి, తెలంగాణ విద్యార్థి, కోస్తా విద్యార్థి ఒకే జట్టులో ఉంటే ‘దమ్ము’, ‘ఎగపోత’ అన్న మాటలు పుస్తకం అవసరం లేకుండానే ఒకరినుంచి ఒకరికి అందుతాయి.

8. తెలుగు శాఖల పని

ఇటువంటి క్రీడకు కథను వైద్యాధ్యాపకులు, తెరను ఇంజినీర్లు సమకూర్చగలరు. రోగి మాటను ఎవరు సమకూర్చాలి? భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని, 1971లో చేనేత పదాలతో రెండో సంపుటాన్ని వెలువరించింది. ఊరూరా తిరిగి, ఒకే వస్తువుకు ఏ ప్రాంతంలో ఏ మాట ఉన్నదో ఆ వృత్తివారి నోటనే విని నమోదుచేసిన పద్ధతి అది. నాగలి భాగాలకు చేసిన ఆ పనిని శరీరభాగాలకూ బాధలకూ చేయవచ్చు. సమాచారదాతలుగా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ చీటీ రాసేవారు తగినవారు. రోగి మొదటి మాట వినేది వారే. ప్రశ్నావళి కూడా ‘బ్రెత్‌లెస్‌నెస్‌ను మీరేమంటారు’ అని పరిభాష నుంచి మొదలు కాకూడదు. ‘మెట్లు ఎక్కి ఆగినప్పుడు మీ ఊళ్ళో ఏమంటారు, రాత్రి పడుకోలేక లేచి కూర్చున్నప్పుడు ఏమంటారు’ అని సందర్భం నుంచి మొదలుకావాలి. ఒక జిల్లాకు ఒక ఎం.ఫిల్. స్థాయి పరిశోధన సరిపోయేంత విషయం ఇందులో ఉన్నది. కోకాపేట వంటి చోట అయితే ఒక్క నిర్మాణస్థలంలోనే నాలుగైదు జిల్లాల సమాచారదాతలు దొరుకుతారు. వారిని కలుసుకోవడానికి వీలైన సమయం ఆదివారం మధ్యాహ్నం.